రెండు నొక్కులు

సోమవారం, రెండో షిఫ్టు

ఈ రోజు నొక్కుడులో సుదర్శనం నేల మీద పడి గిలగిలా కొట్టుకున్నాడు. నోట్లోంచి నురగ కూడా వచ్చింది. మా వరుస వాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అబద్ధం ఎందుకు రాయాలి, నాకు కడుపు చల్లబడింది.

ఇది ల్యాంప్ రూమ్ పుస్తకం. ఎవరికి ఏ దీపం ఇచ్చానో రాయడం తప్ప ఇందులో ఇంకేమీ ఉండకూడదు. కానీ దీన్ని చదివే నాథుడు లేడు. నా పేరు ఓదెమ్మ, నాకు కోపం ఎక్కువ, ఎవరితోనైనా మాట్లాడితే తగువవుతుంది. అందుకని ఇందులో రాసుకుంటున్నాను.

సుదర్శనం మా నాలుగో లెవెల్ సభ్యుడు. ఓట్లేసి గెలిపించుకున్నది మేమే. గెలిచిన రోజునే అందరి ముందూ అతని కుడిచేతికి జవాబు కడియం బిగించాం. సోమవారం, గురువారం కూడలిలో గంట మోగుతుంది. గంట మోగినంతసేపూ మా టోపీ దీపాల పక్కనున్న మీటలకు ప్రాణం ఉంటుంది. సభ్యుడు వచ్చి వేదిక ఎక్కాలి. చెప్పిన పని చెయ్యకపోతే మేం మీట నొక్కుతాం, కడియంలోంచి అతనికి కరెంటు కొడుతుంది. ఒక్కరు నొక్కితే చీమ కుట్టినట్టు ఉంటుందట. పదిమంది నొక్కితే చెయ్యి కాలినట్టు ఉంటుంది. లెవెల్ మొత్తం ఒక్కసారి నొక్కి పట్టుకుంటే గుండె ఆగిపోతుంది. ఇతనికి ముందున్న సభ్యుడు అలాగే పోయాడు. ఆ కాలిన వాసన కూడలిలో చాలా రోజులు ఉంది, అయినా ఎవరమూ బాధపడలేదు.

మొదటి నొక్కు ల్యాంప్ రూమ్ వాళ్లది. అది ఆనవాయితీ. నేను మాత్రం రెండుసార్లు నొక్కుతాను. దీపం సరిచూసేటప్పుడు స్విచ్చి రెండుసార్లు నొక్కి చూడటం నా అలవాటు, చెయ్యి అలాగే తిరిగిపోయింది. టక్, టక్. ఆ తర్వాతే మిగతావాళ్లు మొదలుపెడతారు.

నేను ఊరికే నొక్కడం లేదు. మా వరుసకు రెండు పంకాలు ఉండేవి. పై నుంచి గాలి లాగి మా ఇళ్ల ముందుకు తోసే పెద్ద పంకాలు. ఒకదాన్ని మరమ్మతుకని తీసుకుపోయారు, మళ్లీ రాలేదు. మిగిలిన ఒక్క పంకాతో బతుకుతున్నాం. మూల ఇళ్లలో పడుకున్నవాళ్లు లేచేసరికి తల పగిలిపోతోంది అంటున్నారు. మీ వరుస నుంచి ఒక మనిషిని పైన పనికి పంపండి, పంకా ఇప్పిస్తాను అని సుదర్శనం కబురు పెట్టాడు. ఎవరూ ముందుకు రాలేదు. పైన ఎండ సంగతి అందరికీ తెలుసు. దానికి భయపడే కదా మా తాతలు బొగ్గు అయిపోయిన ఈ గనిలోకి దిగారు.

చివరికి నా తమ్ముడు రాజమల్లు పోయాడు. పైన అద్దాల పలకలు తుడిచే పని అని చెప్పారు. వానలు పడేలోపు వచ్చేస్తానన్నాడు. వానలు పడ్డాయని కేజ్‌లో దిగినవాళ్లు చెబుతున్నారు. వాడు రాలేదు, పంకా రాలేదు. నేను రెండుసార్లు కాదు, ఇరవైసార్లు నొక్కాలి.

గురువారం, మొదటి షిఫ్టు

పొద్దున్నే కనకవ్వతో గొడవ. ఆమెది మా పక్కిల్లు. వయసు మీద పడింది, నోరు మాత్రం పడిపోలేదు. లెవెల్ మొత్తంలో మీట నొక్కని మనిషి ఆమె ఒక్కతే. ముసలామె కదా అని ఎవరూ ఏమీ అనరు.

దీపాలకు వరుసలో నిలబడి నన్ను చూసి తగులుకుంది. "ఏమే ఓదీ, మొన్న ఆయన పడి తన్నుకున్నడు. సంబురపడ్డరు. పంకా వచ్చిందా?"

"రాలేదు. అందుకే ఇయ్యాల ఇంకా గట్టిగ నొక్కుతం," అన్నాను.

"నొక్కుడెందుకే. అడుగు. పంకా ఏడికి పోయిందని అడుగు. మా మామ బొగ్గు తీసే కాలంల గేట్ మీటింగులు పెట్టేటోల్లట. లీడరును తెచ్చి గేటు కాడ స్టూలు మీద నిలబెట్టుడు. ఆయన జవాబు చెప్పేదాక ఒక్కడు దీపం ముట్టకపోయేది. మీరు ఆయనతోని ఒక్క మాటన్న మాట్లాడిన్రా ఇన్నేండ్లల్ల? నొక్కుడు, ఇంటికి పోయి తినుడు."

నాకు ఒళ్లు మండింది. "నీ తమ్ముడు పైకి పోలే గద. నీకేం తెలుస్తది," అని నోరు పారేసుకున్నాను. ఆమె దీపం తీసుకుని వెళ్లిపోయింది. తప్పు మాటేమీ అనలేదనుకుంటూ పొద్దంతా చిరచిరలాడుతూనే ఉన్నాను.

గురువారం, రెండో షిఫ్టు

నొక్కుడు అయ్యాక మొగిలిని కొట్టారు.

మొగిలి కేజ్ నడుపుతాడు. మనుషుల్ని, సామాన్లని పైకి ఎక్కించి, కిందికి దించే పని. ఆ పని సుదర్శనమే ఇప్పించాడని అందరికీ తెలుసు. ఈ రోజు గంట మోగుతుండగా వాడు బొటనవేలు మీట మీద పెట్టి, నొక్కకుండా ఉండటం ఎవరో చూశారు. గంట ఆగగానే పదిమంది మీద పడ్డారు. ముందు చెంపదెబ్బలు, తర్వాత బూటుకాళ్లు. ఒకడు టోపీ దీపం తీసి దాని బ్యాటరీతో నోటి మీద కొట్టాడు. పళ్లు రాలిన చప్పుడు నాకు వినపడింది. మొగిలి చేతులు అడ్డం పెట్టుకోలేదు, దండం పెట్టలేదు. నా వైపే చూస్తూ ఉన్నాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

నేను ఆపలేదు. సభ్యుడి మనిషి అంటే నాకూ మంటే. ఆ బ్యాటరీ నా ల్యాంప్ రూమ్‌ది, సొట్ట పోయి తిరిగొచ్చింది. నెత్తురు కడిగి ఛార్జింగుకు పెట్టాను.

ఆదివారం

మూల ఇంటి భీమయ్య పడుకున్నవాడు లేవలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇంటివాళ్లు తలుపు తీసి, చాపతో విసిరి, నోట్లో నోరు పెట్టి ఊది, అన్నీ చేశారు. గాలి లేదు, అంతే. ఆయన పెళ్లాం ఏడవలేదు. కత్తిపీట పట్టుకుని బయటికొచ్చి, రేపు వేదిక మీదే వాణ్ణి కోస్తా అంది. పట్టుకుని ఇంట్లో కూర్చోబెట్టాం.

రేపు లెవెల్ మొత్తం నొక్కి పట్టుకోవాలని మా వరుస వాళ్లు ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నారు. సరే అన్నాను. చచ్చేదాకా వదలొద్దని నేనే అందరికంటే గట్టిగా చెప్పాను.

సోమవారం, రెండో షిఫ్టు

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున ఛార్జింగు బల్ల మాడిపోయింది. ఒక్క దీపం కూడా వెలగలేదు. షిఫ్టుకు జనం వచ్చి వరుసలో నిలబడ్డారు. వెనక గదిలో కడియాల చట్టానికి ముందటి కాలం దీపాలు ఉన్నాయి, వాటికి వేరే పాత బల్ల ఉంది. అవి తీసి అందరికీ ఇచ్చాను. చూడటానికి ఒకేలా ఉంటాయి. పక్కన మీట లాంటిది కూడా ఉంటుంది, కానీ అది ఉత్త గుండీ, లోపల తీగ లేదు. ఈ మాట జనానికి చెబితే నన్ను కొడతారు. నొక్కుడులో సుదర్శనం కులాసాగా నిలబడితే అప్పుడే చెబుదామని ఊరుకున్నాను.

గంట మోగింది. నేను అలవాటుగా ఉత్త గుండీని రెండుసార్లు నొక్కాను. లెవెల్ మొత్తం బొటనవేళ్లు పెట్టి నొక్కి పట్టుకుంది.

సుదర్శనం కేకపెట్టాడు. చెయ్యి పట్టుకుని మెలికలు తిరిగాడు. మోకాళ్ల మీద పడ్డాడు. నురగ వచ్చింది. భీమయ్య పెళ్లాం చావు, చావు అని అరుస్తోంది. సుదర్శనం ఇంకా గట్టిగా అరిచాడు, ఎంత గట్టిగా అంటే గంట ఆగాక కూడా కాసేపు అరుస్తూనే ఉన్నాడు. ఎట్లా బతికాడో, వీడి గుండె రాయి అనుకుంటూ జనం ఇళ్లకు పోయారు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ దీపాల్లో తీగ లేదు. వీడికి చీమ కూడా కుట్టలేదు.

మంగళవారం

కనకవ్వకు చెప్పాను. మొన్నటి తగువు నేను మరిచిపోయాను, ఆమె మరిచిపోలేదు, అయినా విన్నది.

"అయితే కడియం దొంగ కడియం," అన్నాను. "ఇన్నేండ్లు మనల్ని ఎర్రోల్లను జేసిండు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "కడియాలను పైవాళ్లు దిగొచ్చి చూస్తరు గదనే. దొంగదైతే దొరకడా. ఆ మొగిలిగాన్ని అడుగు. పైకి కిందికి తిరిగేటోడు వాడే. కొడితే చెప్పడు, అడిగితే చెప్తడు."

మొగిలి ఇంటికి పోయాను. మూతి వాచి ముద్దలా ఉంది. నన్ను చూడగానే లేచి కూర్చున్నాడు, ఎదురుచూస్తున్నవాడిలా. నేను మాడిపోయిన బల్ల గురించి, పాత దీపాల గురించి చెప్పి, కడియం దొంగదా అని అడిగాను.

"కాదక్కా. మంచిదే. మనిషి వొంటి మీద లేకపోతే సైరన్ మోగుతది. కాని దానికి జోడు కడియం ఒకటి జేయించిండు. అది ఎవలి చేతికుంటే దెబ్బ వాళ్లకు పోతది. అది తీసేస్తే మల్ల ఈయనకే వస్తది."

"ఎవరి చేతికున్నది?"

మొగిలి నా మొహంకేసి చూశాడు. గురువారం దెబ్బలు తింటూ వాడు నా వైపు చూసిన చూపు అప్పుడు గుర్తొచ్చింది. నా తమ్ముడు. గోడ పట్టుకున్నాను.

"నేను సద్ది తీసుకపోయి ఇస్తనక్కా," అన్నాడు. "పంకా గదెనుక ఉంచిన్రు. చెప్తే నన్ను కేజ్‌ల కెంచి తోస్తమన్నరు. నాకు ఇద్దరు పిల్లలు."

వాణ్ణి చంపాలనిపించింది. చెంప మీద ఒకటి కొట్టాను కూడా. వాచిన మూతే, మళ్లీ నెత్తురు వచ్చింది. వాడు తుడుచుకోకుండా కూర్చున్నాడు. తర్వాత అడిగాను, నన్ను పైకి తీసుకుపోతావా అని. గురువారం నొక్కుడప్పుడు అందరూ కూడలిలో ఉంటారు, అప్పుడైతే కేజ్ దగ్గర ఎవరూ ఉండరు, పోదాం అన్నాడు. మిగతా వేళల్లో పైన కాపలా ఇద్దరు ముగ్గురు ఉంటారట. గురువారం దాకా నేను ఎట్లా ఊపిరి పీల్చాలో నాకు తెలియలేదు.

శనివారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతికి స్పర్శ లేదు. అక్షరాలు కోడి కెలికినట్టున్నా పరవాలేదు, గురువారం సంగతి మొత్తం రాయాలి.

బల్ల బాగైంది. కొత్త దీపాలే ఇచ్చాను. పాతవే ఇస్తే ఎందుకని అడుగుతారు, సుదర్శనానికి అనుమానం వస్తుంది. కనకవ్వ మాత్రం మన వరుస వాళ్లనైనా ఆపుతానని కూడలికి పోయింది. నేను బోల్టులు విప్పే పెద్ద పాన ఒకటి చీర కొంగులో చుట్టుకుని కేజ్ ఎక్కాను.

పైన పంకా గది వెనక ఇనుప తలుపు. ఒక్కడే కాపలా, స్టూలు మీద కూర్చుని మామిడి తాండ్ర తింటున్నాడు. ఎవరు నువ్వు అని లేవబోయాడు. పానతో దవడ మీద కొట్టాను. పడ్డాడు. లేస్తాడేమోనని మోకాలి మీద ఇంకోటి కొట్టాను. ఎముక విరిగింది, వాడు అరిచాడు. వాడి నోట్లో తాండ్ర ముక్క అలాగే ఉంది. ఇది రాస్తుంటే నాకు జాలి కలగడం లేదు. మొగిలి వాడి నడుముకున్న తాళాలు లాక్కున్నాడు.

లోపల ఇనుప మంచం. దాని మీద మా రాజమల్లు.

కాళ్లు కట్టేశారు. నోట్లో తోలు ముక్క పెట్టి తలచుట్టూ కట్టారు, నాలుక కొరుక్కోకుండా. కుడిచెయ్యి మోచేతి దాకా కాలిన కట్టెలా నల్లబడింది. ఆ నలుపు మధ్య కడియం మెరుస్తోంది. కళ్లు వాచి మూసుకుపోయాయి. గది అంతా ముందటి సభ్యుడు పోయినప్పుడు కూడలిలో వచ్చిన వాసనే. పోయేటప్పుడు గోనెబస్తా భుజాన వేసుకుని కేజ్ ఎక్కిన మనిషి, ఇప్పుడు పిల్లాడంత అయ్యాడు.

అప్పుడే కింద గంట మోగినట్టుంది. రాజమల్లు ఒళ్లు విల్లులా లేచింది. మంచం కోళ్లు నేల మీద టకటకా కొట్టుకున్నాయి. గొంతులోంచి వచ్చిన చప్పుడు మనిషిది కాదు. నేను వాడి మీద పడి పట్టుకున్నాను. వాడి ఒంట్లోంచి నాకూ తగిలింది, విసిరికొట్టినట్టు గోడకు పోయి పడ్డాను. మొగిలి చేతులకు గోనె చుట్టుకుని, ఉలి పెట్టి కడియం బందు మీద సుత్తితో కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకూ నా తమ్ముడి చెయ్యి మంచానికి తగులుతోంది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో బందు విరిగింది. మొగిలి కడియాన్ని కాలితో అవతలికి తన్నాడు. రాజమల్లు ఒక్కసారిగా మెత్తబడిపోయాడు. చచ్చిపోయాడనుకున్నాను.

తోలు ముక్క తీశాను. పెదాలు కదిలాయి. నేను వచ్చానని వాడికి తెలియదు, కళ్లు కనిపించడం లేదు.

"ఇయ్యాల ముందటి రెండు రాలే," అన్నాడు. "మొగిలీ, మా అక్కకేమన్న అయిందా?"

"ముందటి రెండేందిరా?" అన్నాడు మొగిలి. వాడు నన్ను చూడలేక నేలకేసి చూస్తున్నాడు.

"అందరికంటె ముందుగాల రెండొస్తయి. టక్, టక్. అది మా అక్క నొక్కుడు. అవి వస్తే అక్క మంచిగున్నదనుకుంట. ఇయ్యాల రాలే."

నేను వాడి నోరు మూశాను. ఇంకేమీ వినలేకపోయాను. వాడి ఎడమచెయ్యి తీసుకుని నా మొహం మీద పెట్టుకున్నాను. వేళ్లతో ముక్కు, చెవి కమ్మ తడిమి, "పంకా వచ్చిందా అక్కా?" అని అడిగాడు.

వాణ్ణి మొగిలి భుజాన వేసుకున్నాడు. ఆ కడియం ఎందుకు తీసుకున్నానో తెలియదు, జనానికి చూపించాలనే కావొచ్చు, కొంగులో మూటకట్టుకున్నాను. కేజ్ కిందికి దిగుతుంటే ఒకటే అనుకున్నాను. ఇప్పుడు దెబ్బ సుదర్శనానికే తగులుతోంది. చావనీ.

కూడలికి వచ్చేసరికి గంట ఇంకా మోగుతోంది. సుదర్శనం వేదిక మీద పడి ఉన్నాడు. అరవడం లేదు. నిజమైన దెబ్బకు అరుపు రాదని నేను పైన చూసే వచ్చాను. పళ్లు బిగుసుకుపోయి, కళ్లు తెల్లగా తిరిగిపోయి, మడమలు చెక్కను కొడుతున్నాయి. జనానికి అది తెలియదు. "ఏందిరా ఇయ్యాల అరుస్తలేడు? పొగరు జూడు. గట్టిగ నొక్కుర్రి," అని ఒకరినొకరు ఎగదోసుకుంటున్నారు. భీమయ్య పెళ్లాం రెండు చేతులా మీట నొక్కి పట్టుకుంది. కనకవ్వ వేదిక ముందు నిలబడి నెత్తీనోరూ కొట్టుకుంటోంది. "సస్తడురా. అడగుర్రిరా. వాడు సస్తే పంకా ఏడున్నదో ఎవడు చెప్తడురా?" ఎవరికీ వినపడటం లేదు.

నాకు వినపడింది. ముందటి సభ్యుణ్ణి చంపాం, ఆయన చేసిందేమిటో ఇప్పటికీ మాకు తెలియదు. ఇతనూ చస్తాడు. మళ్లీ ఎన్నిక, మళ్లీ కడియం, మళ్లీ ఎవరి తమ్ముడో మంచం మీద. పంకా మాత్రం రాదు.

వాడి మీద నాకు జాలి లేదు, ఇప్పటికీ లేదు. కానీ వాడి నోరు నాకు కావాలి. కొంగు విప్పి కడియం తీసి నా కుడిచేతికి పెట్టుకుని, విరిగిన బందును ఎడమచేత్తో నొక్కి పట్టుకున్నాను.

అది ఎట్లా ఉంటుందో రాయలేను. మరుగుతున్న నూనెలో చెయ్యి పెట్టి, తీయనివ్వకుండా ఎవరో పట్టుకున్నట్టు. నేను పడిపోవడం నాకు తెలియదు. ఎడమచెయ్యి బిగుసుకుపోయి కడియాన్ని వదల్లేదట. పక్కనున్నవాళ్లు ముందు చూశారు. వేదిక మీద సుదర్శనం కదలడం ఆపాడు, ఇక్కడ ఓదెమ్మ తన్నుకుంటోంది. మొగిలి రాజమల్లును వేదిక మీద పడుకోబెట్టి, ఆ నల్లచెయ్యి పైకెత్తి చూపించాడట. "ఇన్నొద్దులు మీరు నొక్కింది వీన్ని," అని అరిచాడట.

చాలామంది వేళ్లు తీశారు. ఒంట్లో మంట కొంచెం కొంచెంగా దిగడం నాకు తెలుస్తూనే ఉంది. కానీ అందరూ తీయలేదు. అంతా చూశాక కూడా ఎవరో నొక్కుతూనే ఉన్నారు, గంట ఆగేదాకా. ఎవరన్నది నేను కనుక్కోదలుచుకోలేదు. రోజూ వాళ్లకు దీపం ఇవ్వాల్సింది నేనే.

తర్వాత జరిగింది సగం చూశాను, సగం విన్నాను. ఒకడు రాయి తీసుకుని సుదర్శనం తల పగలగొట్టడానికి వేదిక ఎక్కాడు. కనకవ్వ ల్యాంప్ రూమ్ నుంచి నా స్టూలు తెచ్చి వాడికీ సుదర్శనానికీ మధ్య వేసింది. "ఈన్ని దీని మీద కూసోబెట్టుర్రి. నీళ్లు తాగిపియ్యుర్రి. మాట వచ్చేదాక ఎవలు ముట్టొద్దు. మాట వచ్చినంక ఇంటికి పోవద్దు," అంది. రాయి పట్టుకున్నవాడు దించలేదు, కానీ కొట్టలేదు. భీమయ్య పెళ్లామే నీళ్లు తెచ్చింది. చెంబు అతని పళ్లకు తగిలేలా తోసి తాగించింది.

చాలాసేపటికి అతనికి మాట వచ్చింది. మొదటి ప్రశ్న కనకవ్వ నన్ను అడగమంది. నేను నేల మీద పడుకునే అడిగాను.

"సారూ, మా పంకా ఏడున్నది?"

అంతే, ఒక్క మాట. ఇన్నేళ్లలో అతన్ని మేం అడిగిన మొదటి మాట అదే.

"మొదటి లెవెల్‌ల," అన్నాడు. "మా ఇంట్ల. మీదొక్కటే కాదు. సభ్యులందరి ఇండ్లల్ల ఉన్నయి."

జనంలోంచి ఒక మూలుగు లాంటిది వచ్చింది. రాయి పట్టుకున్నవాడు దాన్ని వదిలేశాడు. ఇంకా అడిగారు. ఎవరు విప్పారు, ఎవరు మోశారు, రాజమల్లుకు ఏం చెప్పి తీసుకుపోయావు. చీమ కుట్టినట్టు ఉంటుందని, వానలు పడేలోపు పంకాతో పాటు దింపేస్తానని చెప్పాడట. అన్నిటికీ జవాబు చెప్పాడు. మధ్యలో ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమో నాటకమో ఇప్పుడు ఎవరికీ పట్టలేదు, జవాబు కావాలి అంతే. ఆఖరికి జనం చేతులెత్తి ఓటేసి అతన్ని పదవిలోంచి తీసేశారు. పంకాలు దింపడానికి పోయిన గుంపు ముందు అతన్నే నడిపించారు. దారిలో దెబ్బలు పడలేదని చెప్పలేను. మొదటి లెవెల్‌లో తలుపులు తీయనన్నవాళ్ల తలుపులు విరిగాయి, చేతులూ విరిగాయి.

బుధవారం, రెండో షిఫ్టు

కొత్త సభ్యుడు మొగిలి. పళ్లు లేని నోటితో మాట్లాడితే సగం అర్థం కాదు, అయినా అతన్నే ఎన్నుకున్నారు. కడియం వెయ్యాలని కొందరు పట్టుబట్టారు. మా వరుస వాళ్లే. అది లేకపోతే భయం ఎట్లుంటది అని వాళ్ల వాదన. కనకవ్వ ఒప్పుకోలేదు. నేను అడ్డం పడ్డాను, మళ్లీ తగువైంది. చివరికి సైరన్ మోగకుండా తీగ తెంపి ఆ కడియాన్ని, జోడు కడియాన్ని ల్యాంప్ రూమ్ గోడకు మేకు కొట్టి వేలాడదీశాం. వెయ్యాలన్నవాళ్లు వాటికేసి చూస్తూ ఉంటారు. ఆ చూపు నాకు నచ్చదు.

ఇప్పుడు పద్ధతి ఇది. షిఫ్టు ముందు మొగిలి వచ్చి నా స్టూలు మీద కూర్చుంటాడు. జనం అడుగుతారు. అతను జవాబు చెప్పేదాకా నేను దీపాలు ఇవ్వను. దీపాలు లేకపోతే పని మొదలవదు, పని మొదలవకపోతే ఆ పని చేయించుకునే పైవాళ్లకు కబురు పోతుంది. మొదటి రోజు ముగ్గురే అడిగారు. మిగతావాళ్లు ఏం అడగాలో తెలియక బొటనవేళ్లు నలుపుకుంటూ నిలబడ్డారు. ఈ రోజు చాలామంది అడిగారు. ఒకామె అరగంట సతాయించింది, మొగిలికి చెమటలు పట్టాయి. మూడో లెవెల్ వాళ్లు కూడా తమ సభ్యుణ్ణి స్టూలు ఎక్కించారట. ఆయన కడియానికి జోడు ఎవరి చేతికుందని అడిగితే ఇంకా చెప్పలేదట. వాళ్లూ దీపాలు ముట్టలేదట.

మా వరుసలో రెండు పంకాలు తిరుగుతున్నాయి. భీమయ్య పెళ్లాం తలుపు తీసుకుని గాలికి ఎదురుగా కూర్చుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు.

రాజమల్లు చెయ్యి మోచేతి దగ్గర తీసేశారు. ఎడమకన్ను కొంచెం కనిపిస్తోంది. అన్నం తింటున్నాడు. పంకా చప్పుడు విని నవ్వుతాడు. కానీ నిద్రపోడు. కళ్లు తెరిచే పడుకుంటాడు, ఎవరైనా ముట్టుకుంటే ఒళ్లు బిగుసుకుంటుంది. ఏం కావాలిరా అని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. ఈ రోజు అన్నం తినిపించాక, మొహం అటు తిప్పుకుని మెల్లగా చెప్పాడు.

"ఆ రెండు వస్తలేవక్కా. అవి రాకపోతే నీకేమన్న అయిందేమో అనిపిస్తది."

నేను పక్కనే కూర్చున్నానురా అని చెప్పాను. వాడికి తెలుసు. అయినా వాడి ఒంటికి తెలియడం లేదు.

చేతనైన ఎడమచేత్తో వాడి భుజం మీద రెండుసార్లు తట్టాను. వాడు ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.